మొండిపాఠం

మిరియం అడుగు ముందుకు వేసింది. వెయ్యకూడదు.

మూడు రోడ్లు కలిసే చోట, పేవ్‌మెంటు అంచున, తాళాలాయన ఆ కుక్క వీపు మీది బెల్టుకున్న పిడి పట్టుకుని నిలబడ్డాడు. తాళాలు బాగుచేసే మనిషి. చూపు పోయి కొన్నేళ్ళయింది. చెవులు రిక్కించి విన్నాడు. ఏ చప్పుడూ లేదు. "పద" అన్నాడు.

ఎడమ పక్క నుంచి బ్యాటరీ వ్యాను వస్తోంది, పిల్లిలా, చడీచప్పుడూ లేకుండా. అలా రావడం పరీక్షలో భాగం. ఆ సంగతి తాళాలాయనకు తెలియదు. కుక్కే చూసుకోవాలి.

కుక్క చూసింది. చూడలేదని ఎవరూ అనలేరు. వ్యాను వంక చూసి, తల వెనక్కి తిప్పి, వెనకాల వస్తున్న తన ట్రైనర్ వంక చూసింది. పరీక్షలో వెనక నడిచేవాళ్ళు కనురెప్ప కూడా ఆడించకూడదు. ట్రైనర్ రాయిలా నిలబడింది. మిరియం ఒక్క క్షణం తటపటాయించింది. ఆవిడేమీ అనడం లేదు, ఈయనేమో పద అంటున్నాడు. బుద్ధిమంతురాలిలా రోడ్డు మీదికి దిగింది.

పరీక్ష పెడుతున్న మాస్టారు తాళాలాయన కాలరు పట్టుకుని వెనక్కి గుంజారు. వ్యాను బ్రేకు కీచుమంది. పెద్దాయన పేవ్‌మెంటు మీద కూలబడ్డాడు. అరచెయ్యి గీసుకుపోయి రక్తం చిమ్మింది. మిరియం తోక ఊపుతూ ఆ చెయ్యి నాకింది. తప్పు చేశానని దానికి తెలియదు. అన్నిటికన్నా ఆ తోకే ట్రైనర్ గుండెను కోసేసింది.

ట్రైనర్‌ని అందరూ బొంగరం అంటారు. ఒక చోట నిలబడి టీ తాగడం కూడా చేతకాని మనిషి. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పెట్టిన పేరు, పెళ్ళయినా, ఉద్యోగం వచ్చినా వదల్లేదు. చూపు లేనివాళ్ళకు దారి చూపే కుక్కల్ని తయారు చేసే బడిలో ఆవిడది ట్రైనర్ ఉద్యోగం. ఆ ఏడాది ఒకే ఈతలో పుట్టిన కుక్కలకి అక్కడి ఆయా పోపుల పెట్టె ముందేసుకుని పేర్లు పెట్టింది. పసుపురంగుది ఆవాలు. గోధుమరంగుది జీలకర్ర. నల్లగా నిగనిగలాడేది మిరియం. మూడూ బొంగరం చేతికే వచ్చాయి.

ఆవాలు పరీక్షలో తప్పింది. జీలకర్ర తప్పింది. ఇప్పుడు మిరియం.

మూడూ ఒకే పాఠంలో తప్పాయి. ఆ బడిలో దాన్ని మొండిపాఠం అంటారు. కూర్చోమంటే కూర్చోవడం, ఆగమంటే ఆగడం ఏ కుక్కకైనా నేర్పొచ్చు. వినకపోవడం నేర్పడమే కష్టం. పిడి పట్టుకున్న మనిషి పద అన్నా సరే, ఎదురుగా గొయ్యి ఉంటే, బండి వస్తుంటే, కుక్క కదలకూడదు. మొండికెయ్యాలి. తిట్టినా, లాగినా, బతిమాలినా మొండికెయ్యాలి. అది రాని కుక్క ఎంత మంచిదైనా మనిషి ప్రాణం దాని చేతిలో పెట్టరు.

తాళాలాయన చేతికి కట్టు కడుతుంటే ఆయన నవ్వాడు. "దాన్నేమీ అనకండమ్మా. పద అన్నాను, పదింది. మా ఇంట్లో కూడా నా మాట ఇలా విన్న ప్రాణి లేదు."

అందరూ నవ్వారు. బొంగరం నవ్వలేకపోయింది. కూతురు చెయ్యి పట్టుకోకుండా కొట్టుకి వెళ్ళి తన తాళం తనే తీసుకోవాలని ఆయన ఎన్నాళ్ళ నుంచి ఎదురుచూస్తున్నాడో ఆవిడకు తెలుసు. ఆ రోజూ కూతురి చెయ్యి పట్టుకునే ఇంటికి వెళ్ళాడు.

మాస్టారు ఆవిడని గదిలోకి పిలిచారు. అరిచే మనిషి కాదు. ఆయన గొంతు ఎంత తగ్గితే ఎదుటివాళ్ళ కాళ్ళు అంత వణుకుతాయి. వరసగా మూడు కుక్కలు తప్పితే ట్రైనర్ని ఆ పని నుంచి తీసేయడం బడి పద్ధతి అని గుర్తుచేశారు. ఇంకొక్క అవకాశం ఇస్తానన్నారు. వానలు మొదలయ్యేలోగా మళ్ళీ పరీక్ష. ఈసారీ తప్పితే మిరియాన్ని ఎవరింట్లోనైనా పెంచుకోవడానికి ఇచ్చేస్తారు. బొంగరం బెల్టూ పిడీ ముట్టుకోనక్కర్లేదు.

"నేను చేయగలను మాస్టారూ" అంది.

"చేయగలవని నాకూ తెలుసు. ఎందుకు చేయలేకపోతున్నావో అదే ఇద్దరికీ తెలియడం లేదు" అన్నారు ఆయన.

ఏడుపు గదిలో రాలేదు. దొడ్లో మిరియానికి స్నానం చేయిస్తుంటే వచ్చింది. కుక్కని సబ్బు నురగతో సహా కౌగిలించుకుని ఏడ్చింది. ఎవరైనా చూసినా ముఖం నిండా నీళ్ళే కాబట్టి ఇబ్బంది లేదు. మరునాడు అందరికన్నా ముందు బడికి వచ్చింది.

ఆ తర్వాత రోజులన్నీ పళ్ళ బిగువున గడిపింది. తనే రోడ్డు మీద అడ్డాలు పెట్టేది. ఇక్కడ తెరిచిన మ్యాన్‌హోలు, అక్కడ తలకి తగిలే కొమ్మ, మలుపులో వ్యాను. తర్వాత కళ్ళకు గంతలు కట్టుకుని, మిరియం పిడి పట్టుకుని బయల్దేరేది. మిరియం ఒక్క తప్పు చేస్తే ఒట్టు. మ్యాన్‌హోలు ముందు మేకు దిగినట్టు నిలబడేది. వ్యాను వస్తుంటే 'పద, పద' అని ఎంత గదమాయించినా కదిలేది కాదు.

ఆఫీసులో ఆవిడ పక్క బల్ల కుర్రాడిది. కుర్రాడంటే ఉద్యోగంలో జూనియర్, మనిషి మాత్రం గుమ్మంలో వంగితే గానీ లోపలికి రాడు. నిచ్చెన అని పిలుస్తారు.

"అక్కా, నీ చేతిలో ఇది బంగారం. అదే పిడి నేను పట్టుకుంటే దిక్కులు చూస్తోంది. ఎందుకంటావ్?" అన్నాడు ఒకరోజు.

"నువ్వు మాట్లాడితే మేఘాల్లోంచి వినిపిస్తుంది. దానికి అర్థం కావద్దూ" అని కొట్టిపారేసింది.

కొట్టిపారేసింది గానీ, ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది.

ఆదివారాలు ట్రైనర్లు కుక్కల్ని ఇంటికి తీసుకెళ్ళొచ్చు. మెట్లూ, వంటగదీ, ఇరుకు సందులూ వాటికీ అలవాటవ్వాలి కదా. బొంగరం ఇంట్లో ఉండేది ఆవిడా, అత్తగారూ. భర్త దూరపు లారీలు తోలుతాడు, ఎప్పుడొస్తాడో లారీకే తెలియాలి. అత్తగారు మొదట్లో కుక్క అంటే ముక్కు మూసుకునేది. ఇప్పుడు గుమ్మం పక్కన దానికో సత్తు గిన్నె పెట్టి, తను మంచినీళ్ళు తాగే ముందు దాని గిన్నె నింపుతుంది. మిరియానికీ ఆ ఇల్లంటే ప్రాణం. బొంగరం ఏ మూలనుంచి "రావే" అన్నా చాలు, మంచాలూ కుర్చీలూ దూకేసి వచ్చి ఒళ్ళో పడేది.

ఆ ఆదివారం పొద్దున కోడలి కళ్ళు ఉబ్బి ఉండడం అత్తగారు చూసింది. ఏమైందని అడగలేదు. వేరే దారిలో వచ్చింది.

"కుక్కలకి మాట వినడం నేర్పుతావు. నా కొడుక్కి నేర్పలేకపోయావు."

"నేర్పాల్సింది వినకపోవడం అత్తయ్యా. అదే రావడం లేదు."

"అదా? ఆ విద్యలో నా కొడుకు ఆరితేరినవాడు. ఈసారి వచ్చినప్పుడు దీనికి పాఠం చెప్పమను."

బొంగరానికి నవ్వొచ్చింది, చాలా రోజులకి. అత్తగారికి హుషారొచ్చింది. తువ్వాలు తీసి కళ్ళకు కట్టుకుంది. పిడి ఇలా తే, నేనూ సందు చివరిదాకా వెళ్ళొస్తానంది. ఎదురింటివాళ్ళ సైకిల్ సందులో అడ్డంగా పడి ఉంది. చూద్దాంలే అని బొంగరం వెనకాలే నడిచింది.

మిరియం సైకిల్ దాకా చక్కగా తీసుకెళ్ళింది. సైకిల్‌ని చూసింది. తల తిప్పి బొంగరం వంక చూసింది. "పదవే" అంది అత్తగారు. మిరియం పదింది. బొంగరం గబుక్కున పట్టుకోకపోతే ఆ వయసులో అత్తగారి మోకాలి చిప్ప పగిలేది.

సైకిల్ హ్యాండిల్ పట్టుకుని బొంగరం అలాగే నిలబడిపోయింది. అదే చూపు. వ్యాను దగ్గర చూసిన చూపు. మొన్న పేవ్‌మెంటు మీద అది తనని అడిగింది, ఇప్పుడూ తననే అడిగింది.

"అత్తయ్యా, గుమ్మం దగ్గర్నుంచి ఇంకోసారి నడుస్తారా? భయపడకండి. నేను లోపలికి వెళ్తాను" అంది.

కుక్కకి కనపడకుండా ఇంట్లోకి వెళ్ళి, తలుపేసి, కిటికీ రెక్క సందులోంచి చూసింది. అత్తగారు పద అంది. మిరియం వెనక్కి చూసింది. ఎవరూ లేరు. ముక్కు గాల్లోకి ఎత్తి వెతికింది. చిన్నగా మూలిగింది. ఇంక చేసేదేమీ లేక, ఎదురుగా ఉన్న సందుని చూసింది. నడిచింది. సైకిల్ ముందు ఆగింది. అత్తగారు పద అంది, పదవే అంది, నీకేమైనా రోగమా అంది. మిరియం కదల్లేదు. ఆవిడ కాళ్ళకి అడ్డంగా తిరిగి నిలబడింది.

కిటికీ వెనక బొంగరం నేల మీద కూర్చుని తన మణికట్టు వంక చూసుకుంది.

అడ్డాలు పెట్టింది తనే. ఏది ఎక్కడుందో తనకు తెలుసు. కళ్ళకు గంతలు కట్టుకుంది గానీ, చేతికి కట్టుకోలేదు. మ్యాన్‌హోలు దగ్గరపడుతుంటే మణికట్టు దానంతటదే బిగుసుకునేది. ఆ బిగువు పిడిలోంచి కుక్క వీపుకి చేరేది. మిరియం రోడ్డుని చదవడం నేర్చుకోలేదు. బొంగరాన్ని చదవడం నేర్చుకుంది. ఆవాలూ అంతే, జీలకర్రా అంతే. ఆవిడంటే పడిచచ్చే కుక్కలకి ఆవిడ ఎదురుగా ఉండగా లోకంలో ఇంకేమీ కనపడలేదు.

బయట అత్తగారు తువ్వాలు విప్పి, పడి ఉన్న సైకిల్నీ కుక్కనీ చూసి సంబరంగా పిలుస్తోంది. "ఇదిగో, దీనికి వచ్చేసింది! నా దగ్గర వచ్చింది!"

నిజమే. తను లేకపోతే వచ్చింది.

మరునాడు మాస్టారి గదిలో బొంగరం నిలబడే మాట్లాడింది. జరిగింది చెప్పింది. మిరియాన్ని నిచ్చెనకి ఇమ్మంది. పరీక్ష అయ్యేదాకా తను దానికి కనపడననీ, తన వాసన కూడా తగలకుండా చూసుకుంటాననీ చెప్పింది. చెబుతున్నంతసేపూ బల్ల అంచు పట్టుకునే ఉంది.

మాస్టారు బల్ల మీది రిజిస్టరు తెరిచారు. "అది గెలిస్తే నిచ్చెన కుక్క గెలిచినట్టు. నీ పేరు మీద తప్పినవి తప్పినట్టే ఉంటాయి."

"ఉండనివ్వండి."

"పద్ధతి ప్రకారం నేను నిన్ను తీసెయ్యాలి."

"పని రానిదాన్ని తీసెయ్యండి మాస్టారూ. నాకు పని వచ్చు. ఒక తప్పు వరసగా చేశాను, అదేంటో ఇప్పుడు తెలుసుకున్నాను. తప్పు తెలిసిన మనిషిని పంపించేసి, ఇంకా తెలియని మనిషిని తెచ్చుకుంటారా?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సరే. కానీ పిలుపు మాత్రం నీదే" అన్నారు.

"పిలుపా?" అంది బొంగరం.

ఆ బడిలో చివరి పరీక్షలో చివరి ఘట్టానికి పిలుపు అని పేరు. లోకంలో ఆ కుక్క అందరికన్నా ఇష్టపడే మనిషిని రోడ్డుకి అవతల నిలబెడతారు. ఇవతల చూపు లేని మనిషితో కుక్క. మధ్యలో వ్యాను. సరిగ్గా అప్పుడే అవతలి మనిషి పిలవాలి. ఉత్తుత్తి పిలుపు పనికిరాదు, కుక్కలు ఇట్టే కనిపెట్టేస్తాయి. రమ్మని మనసారా పిలవాలి. ఆవాలూ, జీలకర్రా, మిరియం వ్యాను దగ్గరే తప్పడంతో బొంగరం కుక్కలెప్పుడూ పిలుపు దాకా రాలేదు.

ఆ రోజు నుంచి ఆవిడ బడికి వెనక గేటు నుంచి వచ్చేది. కుక్కపిల్లల షెడ్డులో పాలు పట్టడం, పీతి ఎత్తడం, చెవులు తుడవడం. వెనక జాలి మాటలు వినపడేవి, ముఖం మీద మాత్రం అందరూ వాతావరణం గురించి మాట్లాడేవారు. ఆయా ఒక్కతే తిన్నగా అడిగింది, నీకు సిగ్గుగా లేదా అని. ఉంది, అయినా ఉంటాను అంది బొంగరం. షెడ్డులో కొత్త ఈత పిల్ల ఒకటి ఆవిడ చెప్పులు పట్టుకు లాగేది. ముదురు పసుపు. దాని పేరు మెంతి.

అప్పుడప్పుడు గోడ అవతల నుంచి మిరియం అరుపు వినపడేది. మొదట్లో ఆ అరుపు ఎవరినో వెతికేది. కొన్నాళ్ళకి మామూలు అరుపు అయింది. వెతికిన అరుపుకన్నా ఆ మామూలు అరుపు వినడమే కష్టమైంది ఆవిడకి. సాయంత్రాలు నిచ్చెన గుమ్మంలో వంగి, తలొక్కటే లోపలికి పెట్టి, "బావుందక్కా" అని ఒక్క ముక్క చెప్పి వెళ్ళిపోయేవాడు. ఎక్కువ చెబితే తట్టుకోలేదని వాడికి తెలుసు.

ఆదివారాలు ఇంట్లో గుమ్మం పక్కన సత్తు గిన్నె అలాగే ఉండేది. అత్తగారు అలవాటు కొద్దీ నింపేది. మధ్యాహ్నానికి కాకి తాగేది.

పరీక్ష రోజు మబ్బు పట్టి ఉంది. అదే చోటు, అదే పేవ్‌మెంటు. తాళాలాయన అరచేతి మీద పాత గాటు తెల్లగా మానింది. మళ్ళీ వస్తాడో రాడో అనుకున్నారు గానీ, గంట ముందే వచ్చి కూర్చున్నాడు. ఆయన చేతిలో పిడి, పిడి కింద మిరియం. వెనకాల నిచ్చెన. బొంగరం రోడ్డుకి అవతల, గోడ చాటున, గాలి తన వైపు నుంచి వెళ్ళని చోట నిలబడింది.

మిరియాన్ని చూసి చాలా రోజులైంది. కాస్త ఒళ్ళు చేసింది. నడకలో తొందర తగ్గింది. తల తిప్పి ఎవరినీ చూడడం లేదు. రోడ్డుని చూస్తోంది.

"పద" అన్నాడు తాళాలాయన.

మలుపులో వ్యాను కనపడింది. మిరియం చూసింది. ఆగింది. తాళాలాయన మళ్ళీ పద అన్నాడు. మిరియం కదల్లేదు. అప్పుడు మాస్టారు చెయ్యి ఎత్తారు.

బొంగరం గోడ చాటు నుంచి బయటికి వచ్చింది. ఉత్తుత్తిగా పిలిస్తే పోతుంది, ఎవరికీ తెలియదు, కుక్క గెలుస్తుంది అనిపించింది ఒక్క క్షణం. తెలుస్తుంది. మిరియానికి తెలుస్తుంది. రేపు నిజమైన వ్యాను ముందు, నిజమైన పిలుపు ఎవరిదైనా వినపడితే ఏం చేస్తుంది?

మోకాళ్ళ మీద కూర్చుంది. చేతులు చాపింది. ఇంట్లో పిలిచినట్టే పిలిచింది.

"మిరియం. రావే."

మిరియం తల గిరుక్కున తిరిగింది. చెవులు నిక్కాయి. తోక ఒక్కసారి ఊగి, ఆగి, మళ్ళీ ఊగింది. ముందుకాలు గాల్లోకి లేచింది. బొంగరం మనసులో రావే అనేదీ రావద్దే అనేదీ ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. రావే అనేదే గట్టిగా ఉంది. ఆ సంగతి ఆవిడ తర్వాత ఎవరితోనూ చెప్పలేదు.

"రావే నా తల్లీ."

లేచిన కాలు గాల్లోనే ఉంది. వ్యాను వస్తోంది. మిరియం ఒకసారి వ్యానునీ, ఒకసారి ఆవిడనీ చూసింది. ఆ తర్వాత కాలు నెమ్మదిగా కిందికి దించింది. రోడ్డు మీద కాదు, పేవ్‌మెంటు మీదే. తాళాలాయన మోకాళ్ళకి అడ్డంగా తిరిగి నిలబడింది. ఆవిడ వైపు నుంచి ముఖం తిప్పేసుకుంది.

మొండికేసింది.

వ్యాను వాళ్ళ ముందు నుంచి గాలిలా వెళ్ళిపోయింది. రోడ్డు ఖాళీ అయింది. ఇప్పుడు పద అంటే మిరియం కదిలింది. ఇద్దరూ నిదానంగా, తిన్నగా రోడ్డు దాటి, మోకాళ్ళ మీద కూర్చున్న బొంగరం పక్కకి వచ్చారు. పిడి బిగించిన కుక్కని ఎవరూ తాకకూడదు, పలకరించకూడదు. ఆవిడ చాపిన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుంది.

తాళాలాయన ఆగాడు. "అమ్మా, పిలిచింది మీరేనా?"

మళ్ళీ తన గొంతు కుక్క చెవిన పడకూడదు. ఆవిడ ఊపిరిని బట్టే ఆయనకు అర్థమైనట్టుంది.

"పైకి తెలియదేమో గానీ, నా చేతిలో పిడి వణికిపోతోందమ్మా. అప్పటినుంచీ, ఇప్పటికీ" అన్నాడు మెల్లగా.

తర్వాత పద అన్నాడు. మిరియం వెళ్ళిపోయింది. మలుపు తిరిగేదాకా చూసింది బొంగరం. అది వెనక్కి తిరిగి చూడలేదు.

నిచ్చెన వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. అంత పొడుగు మనిషి కూర్చుని కూడా వంగే ఉన్నాడు. గెలిచిందక్కా అని చెప్పబోయి, చెప్పలేక, చొక్కా చేత్తో ముక్కు తుడుచుకున్నాడు. మాస్టారు నిలబడే మాట్లాడారు. రేపటి నుంచి మెంతి నీ దగ్గర అన్నారు.

"అడ్డాలు నిచ్చెనని పెట్టమనండి. ఎక్కడ పెట్టాడో నాకు చెప్పొద్దు" అంది బొంగరం. "దెబ్బలు తగిలితే తగలనివ్వండి."

మాస్టారు తలూపారు. నీ పేరు మీద ఆ మూడూ అలాగే ఉంటాయి అని మరోసారి చెప్పబోయినట్టున్నారు. ఊరుకున్నారు.

ఆవిడ ఇంటికి చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. అత్తగారు గుమ్మంలోనే కూర్చుని ఉంది. పక్కన సత్తు గిన్నె, నిండుగా. వాన చినుకులు అందులో పడి చిన్న చిన్న గుండ్రాలు లేస్తున్నాయి.

"పిలిచావా?" అంది అత్తగారు.

"పిలిచాను అత్తయ్యా."

"విందా?"

బొంగరం చెప్పులు విప్పింది. గిన్నె పక్కన, కుక్క పడుకునే చోట, మెట్టు మీద కూర్చుంది.

"వినలేదు" అంది.

అంతే, ఇంక ఏడుపు ఆగలేదు. అత్తగారు కోడలి తల ఒళ్ళోకి లాక్కుంది. కాసేపటికి చెయ్యి చాపి, వానకి తడుస్తున్న గిన్నెని చూరు కిందికి జరిపింది.